ఆమ్లం తీసేశాక ఏం మిగిలింది?

ఎమ్మెస్సీ రెండో ఏడాదిలో ఒక ఉదయం ఇంక్యుబేటర్ తలుపు తీసి చూసిన ప్లేటు నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు గుర్తుంది. ముందురోజు సాయంత్రం ఆ ప్లేటులోని అగార్ (బ్యాక్టీరియాకి మేత కలిపిన జెల్లీ) మీద స్టెఫైలోకాకస్ ఆరియస్‌ని పరిచాను. చీముగడ్డల దగ్గర్నుంచి రక్తంలో ఇన్ఫెక్షన్ దాకా చాలా జబ్బులు తెచ్చిపెట్టే బ్యాక్టీరియా అది. మధ్యలో గుండ్రంగా చిన్న గుంట చేసి, పులిసిన పాల నుంచి నేనే వేరుచేసిన లాక్టోబాసిల్లస్ అనే బ్యాక్టీరియా కల్చర్‌ని సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, పైకి తేరిన తేటని అందులో పోశాను. తెల్లారేసరికి ప్లేటంతా లేత పసుపు మీగడ పరిచినట్టు బ్యాక్టీరియా పెరిగింది. గుంట చుట్టూ మాత్రం ఏమీ లేదు, అద్దంలా ఖాళీ. స్కేలు పెట్టి కొలిస్తే 18 మిల్లీమీటర్లు. ల్యాబ్‌లో దీన్ని జోన్ అంటాం. నేను వేరుచేసిన బ్యాక్టీరియా ఒక రోగకారకాన్ని చంపేసిందని ఆ పూట కాలు నేలమీద నిలవలేదు.

మా గైడ్ మేడమ్ ప్లేటుని ట్యూబ్‌లైట్ వైపు ఎత్తి చూసి ఒకే మాట అడిగారు: "తేట పీహెచ్ చూశావా?" చూడలేదు. పీహెచ్ అంటే పులుపుకి కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ. చూస్తే 4.1 ఉంది. "సోడియం హైడ్రాక్సైడ్ చుక్క చుక్కగా వేసి 6.5కి తీసుకొచ్చి మళ్లీ పెట్టు. అప్పుడు మాట్లాడుకుందాం" అన్నారు. పెట్టాను. మర్నాడు గుంట అంచు దాకా బ్యాక్టీరియా హాయిగా పెరిగి ఉంది. జోన్ లేదు. అంటే ముందురోజు ఆ సూక్ష్మజీవుల్ని ఆపింది ఒట్టి పులుపు. ఆ పీహెచ్‌కి తెచ్చిన లాక్టిక్ ఆమ్లాన్ని నేరుగా పోసినా దాదాపు అదే జోన్ వచ్చి ఉండేది.

వారం రోజులు బాధపడ్డాను. ఇన్నేళ్ల తర్వాత చూసుకుంటే, చదువులో నాకు దొరికిన వాటిలో అంత విలువైనది ఇంకొకటి లేదనిపిస్తుంది. పులియబెట్టిన ఆహారంలోని మంచి బ్యాక్టీరియా క్యాన్సర్‌ని చంపుతుందనీ, రేపు యాంటీబయాటిక్‌ల స్థానంలోకి అదే వస్తుందనీ ఎక్కడ చదివినా, ముందు నా నోట్లోంచి వచ్చే ప్రశ్న అదే. ఆమ్లం తీసేశాక ఏం మిగిలింది?

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఈ రెండు మాటల్లో సూక్ష్మజీవుల్ని చంపుతుందన్న మాటకి గట్టి పునాది ఉంది, మనుషుల మీద చేసిన మంచి పరీక్షలు కూడా ఉన్నాయి. క్యాన్సర్‌ని చంపుతుందన్న మాట మాత్రం ఇప్పటికి ఎక్కువగా ల్యాబ్‌లోని ప్లాస్టిక్ పళ్లేల్లోనే ఉంది. రెంటినీ ఒకే గాటన కట్టేసి చెప్పడం వల్ల రోగులు నష్టపోతున్నారు. ఆ నిజమైన మొదటి సగం కూడా నమ్మకం పోగొట్టుకుంటోంది.

ముందు ఆ నిజమైన సగం సంగతి చూద్దాం.

పులియడం అంటే ఒక రకంగా చోటు కోసం జరిగే పోరు. తరిగిన క్యాబేజీలో రెండు, రెండున్నర శాతం ఉప్పు కలిపి గాలి తగలకుండా నొక్కిపెడితే మొదట ల్యూకోనోస్టాక్ అనే బ్యాక్టీరియా పుంజుకుంటుంది. ఆమ్లం తయారుచేస్తుంది, కార్బన్ డయాక్సైడ్ వదిలి లోపలి గాలిని బయటికి తోస్తుంది. పులుపు పెరిగేకొద్దీ అది తయారుచేసిన ఆమ్లానికి అదే తట్టుకోలేక వెనక్కి తగ్గుతుంది. అప్పుడు పులుపుని బాగా ఓర్చుకునే ప్లాంటారం అనే బ్యాక్టీరియా జాతి వచ్చి పని ముగిస్తుంది. పీహెచ్ 4.6 కిందికి దిగితే ప్రాణాంతకమైన బొటులిజం బ్యాక్టీరియా కూడా పెరగలేదు. ఫ్రిజ్ లేని రోజుల్లో మనుషుల ప్రాణాలు కాపాడింది ఈ రసాయనమే. 1857లో పాశ్చర్ లాక్టిక్ పులుపు వెనక సూక్ష్మజీవులు ఉన్నాయని చెప్పడానికి వేల ఏళ్ల ముందు నుంచీ ఇది నడుస్తూనే ఉంది.

ఆమ్లం ఎలా చంపుతుందో తెలిస్తే నా జోన్ ఎందుకు మాయమైందో కూడా అర్థమవుతుంది. లాక్టిక్ ఆమ్లం నీళ్లలో రెండు రూపాల్లో ఉంటుంది: విడిపోయినది, విడిపోనిది. విడిపోని అణువుకి విద్యుదావేశం ఉండదు, కాబట్టి అది బ్యాక్టీరియా పొరలోంచి తేలిగ్గా లోపలికి జారుతుంది. లోపల తటస్థంగా ఉండే వాతావరణంలో విడిపోయి ప్రోటాన్‌ని వదులుతుంది. ఆ ప్రోటాన్లని బయటికి తోయడానికే బ్యాక్టీరియా తన శక్తంతా ఖర్చుపెట్టి నీరసపడుతుంది. పీహెచ్ 4 దగ్గర నూటికి నలభై పాళ్లు ఈ విడిపోని రూపంలోనే ఉంటుంది. 6.5కి తీసుకొస్తే వెయ్యికి రెండు మూడు పాళ్లే మిగులుతుంది. అందుకే నాలుగు చుక్కల క్షారంతో నా ఆవిష్కరణ ఆవిరైపోయింది.

అలాగని పులుపొక్కటే వాటి ఆయుధం అనుకోకూడదు. కొన్ని హైడ్రోజన్ పెరాక్సైడ్ తయారుచేస్తాయి. ర్యూటెరి అనే జాతి గ్లిజరాల్ దొరికితే ర్యూటెరిన్ అనే పదార్థం తయారుచేస్తుంది. వీటన్నిటికంటే నాకు ఇష్టమైనది నైసిన్. 1928లో అమెరికాలో కొందరు శాస్త్రవేత్తలు పాలలోని ఒక రకం బ్యాక్టీరియా వేరే రకాన్ని పెరగనివ్వడం లేదని గమనించారు. 1933లో న్యూజిలాండ్‌లో వైట్‌హెడ్ బృందానికి చీజ్ తయారీలో ఇదే ఎదురైంది. తోడు వేసిన కల్చర్ పనిచేయడం లేదు, ఎందుకా అని వెతికితే పాలలోనే దాన్ని అణిచే ఇంకో బ్యాక్టీరియా ఉంది. 1947లో ఇంగ్లండ్‌లో మాటిక్, హిర్ష్ ఆ పదార్థానికి నైసిన్ అని పేరు పెట్టారు. 34 అమైనో ఆమ్లాల చిన్న గొలుసు అది.

దాని పనితనం చూడండి. బ్యాక్టీరియా తన గోడ కట్టుకోవడానికి ఇటుకల్ని లోపల్నుంచి బయటికి మోసే ఒక అణువు ఉంటుంది, పేరు లిపిడ్-2. నైసిన్ సరిగ్గా ఆ మోతగాడిని పట్టుకుంటుంది. దాంతో గోడ పని ఆగిపోతుంది. అంతటితో వదలదు. పట్టుకున్న లిపిడ్-2నే ఆసరాగా చేసుకుని పొరలో రంధ్రం చేస్తుంది. ఎనిమిది నైసిన్ అణువులు, నాలుగు లిపిడ్-2 అణువులు కలిసి ఆ రంధ్రం అవుతాయి. వాంకోమైసిన్ అనే యాంటీబయాటిక్ కూడా లిపిడ్-2 మీదే దెబ్బకొడుతుంది గానీ ఇంకో చోట పట్టుకుంటుంది. నైసిన్ పట్టుకునే పైరోఫాస్ఫేట్ భాగాన్ని మార్చుకోవడం బ్యాక్టీరియాకి అంత సులువు కాదు. 1969లో ఆహార, వ్యవసాయ సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థల ఉమ్మడి నిపుణుల సంఘం దీన్ని ఆహారంలో వాడొచ్చంది. 1988లో అమెరికా ఒప్పుకుంది. చీజ్ డబ్బాల మీద 'ఈ 234' అని కనపడేది ఇదే. ఆమ్లం తీసేశాక కూడా నికరంగా మిగిలిన ఆయుధం ఇది.

మరి ఇది మందుల దుకాణంలోకి యాంటీబయాటిక్‌గా ఎందుకు రాలేదు? నోటి ద్వారా తీసుకుంటే పేగులోని ట్రిప్సిన్, కైమోట్రిప్సిన్ ఎంజైములు దీన్ని మామూలు మాంసకృత్తుని అరిగించినట్టే అరిగించేస్తాయి. తటస్థ పీహెచ్ దగ్గర దీని నిలకడ తగ్గుతుంది. ఈ.కొలై లాంటి గ్రామ్ నెగటివ్ బ్యాక్టీరియాకి బయట ఇంకో పొర ఉంటుంది, నైసిన్ దాన్ని దాటలేదు. ఆసుపత్రుల్లో మందులకు లొంగని ఇన్ఫెక్షన్లలో చాలా భాగం ఆ గ్రామ్ నెగటివ్‌లవే. మందులకు లొంగని బ్యాక్టీరియా వల్ల 2019లో ప్రపంచవ్యాప్తంగా నేరుగా 12.7 లక్షల మంది చనిపోయారని 2022లో లాన్సెట్‌లో వచ్చిన అంచనా. ఇలాంటి పరిస్థితిలో నైసిన్ లాంటి అణువుల్ని మార్చి, బలపరిచి వాడుకునే పని చాలా అవసరం. ఆ పనిలో ఉన్నవాళ్లంటే నాకు ఎంతో గౌరవం. చీజ్ తింటే న్యుమోనియా తగ్గుతుందన్న మాటకి మాత్రం దీంతో ఏ సంబంధమూ లేదు.

బ్యాక్టీరియాని బతికుండగానే మనిషికి ఇచ్చి ఇన్ఫెక్షన్ ఆపిన ఉదాహరణ కావాలంటే నేను ఎప్పుడూ చెప్పేది ఒకటుంది. ఒడిశా పల్లెల్లో 4,556 మంది నవజాత శిశువుల మీద పినాకి పాణిగ్రాహి బృందం చేసిన పరీక్ష, 2017లో నేచర్ పత్రికలో వచ్చింది. పుట్టిన కొద్ది రోజులకే మొదలుపెట్టి ఏడు రోజుల పాటు సగం మందికి ప్లాంటారం జాతికి చెందిన ఒక స్ట్రెయిన్ (ఒకే జాతిలోని ఒక ప్రత్యేక రకం), దానికి ఆహారంగా ఒక రకం చక్కెర గొలుసు కలిపి ఇచ్చారు. మిగతా సగానికి ఉత్త పొడి. రెండు నెలల లోపు సెప్సిస్ (ఒళ్లంతా దెబ్బతీసే తీవ్రమైన ఇన్ఫెక్షన్) రావడం లేదా చనిపోవడం ఉత్త పొడి ఇచ్చిన పిల్లల్లో 9 శాతం, బ్యాక్టీరియా ఇచ్చిన పిల్లల్లో 5.4 శాతం. శ్వాసకోశ ఇన్ఫెక్షన్లు కూడా తగ్గాయి. పేగులో ఇచ్చిన బ్యాక్టీరియా ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్ని కూడా తగ్గించిందంటే, అది శత్రువుని ఎదురుపడి చంపడంతోనే సరిపెట్టలేదు, పసివాళ్ల రోగనిరోధక శక్తికి కూడా ఏదో నేర్పి ఉంటుంది. ఈ వ్యాసంలో ఇంకేం గుర్తులేకపోయినా ఇది గుర్తుంచుకోండి. ఎంచుకున్న ఒకే స్ట్రెయిన్, లెక్కపెట్టిన మోతాదు, ఏడు రోజులు, వేలమంది పిల్లలు, ఇచ్చిందేదో ఇచ్చినవాళ్లకే తెలియని పద్ధతి.

ఇంకొకటి కూడా ఉంది. యాంటీబయాటిక్ కోర్సు వాడేటప్పుడు కొందరికి క్లాస్ట్రిడియాయిడిస్ డిఫిసిల్ అనే బ్యాక్టీరియా పేగులో చెలరేగి విరేచనాలు పట్టుకుంటాయి. 31 పరీక్షల్ని, 8,672 మందిని కలిపి చూసిన 2017 కాక్రేన్ సమీక్షలో ప్రోబయోటిక్ (మేలు కోసం తీసుకునే బతికున్న సూక్ష్మజీవులు) తీసుకున్నవాళ్లలో అది 1.5 శాతం, తీసుకోనివాళ్లలో 4 శాతం. ఇదీ మంచి ఫలితమే.

ఇక క్యాన్సర్.

మా పిన్నికి కీమో జరుగుతున్న రోజుల్లో ఒక సాయంత్రం ఆవిడ మంచం పక్క బల్ల మీద మూడు రకాల ప్రోబయోటిక్ డబ్బాలు చూశాను. ముగ్గురు చుట్టాలు ప్రేమతో తెచ్చినవి. ఒకదాని మీద 200 కోట్ల జీవకణాలు అని పెద్ద అక్షరాల్లో ఉంది. స్ట్రెయిన్ పేరు ఎంత వెతికినా లేదు. ఫోన్‌లో ఒక ఫార్వర్డ్ మెసేజ్ కూడా చూపించింది: పులియబెట్టిన ఆహారంలోని బ్యాక్టీరియా 72 గంటల్లో క్యాన్సర్ కణాల్ని చంపేస్తుందని శాస్త్రవేత్తలు నిరూపించారట. "ఇది నిజమేనా నాన్నా? అలాగైతే ఈ సూదుల బాధ ఎందుకు?" అని అడిగింది. ఆ వారమే ఆవిడ కౌంట్ బాగా పడిపోయింది. తెల్ల రక్తకణాలు అంత తక్కువగా ఉన్నప్పుడు బతికున్న బ్యాక్టీరియా క్యాప్సూల్స్ అసలు వేసుకోవద్దని డాక్టరు ఖచ్చితంగా చెప్పారు. ఆ మెసేజ్‌లో ఆ మాట ఎక్కడా లేదు.

ఆ 72 గంటల మాట ఎక్కడిదో నాకు తెలుసు, ఎందుకంటే అలాంటి ప్రయోగాలు దగ్గర్నుంచి చూశాను. మనిషి పెద్దపేగు క్యాన్సర్ నుంచి వచ్చిన హెచ్‌టీ-29 కణాల్నో, 1951లో ఒక రోగి నుంచి తీసినప్పటి నుంచీ ల్యాబుల్లో పెరుగుతున్న హీలా కణాల్నో 96 గుంటల ప్లాస్టిక్ పళ్లెంలో పెంచుతారు. బ్యాక్టీరియా కల్చర్ తేటని అందులో కలుపుతారు. ఒకటి రెండు రోజులో, మూడు రోజులో ఆగి ఎంటీటీ అనే పసుపు రంగు వేస్తారు. బతికున్న కణం దాన్ని ఊదా రంగులోకి మారుస్తుంది. ఊదా తగ్గితే కణాలు చచ్చాయని లెక్క. 1983 నుంచీ వాడుతున్న చవకైన, తేలికైన పద్ధతి.

ఆ పళ్లెం మీదికి వంగి చూస్తే ఒకటి కనపడుతుంది. కణాల ద్రవంలో ఫినాల్ రెడ్ అనే సూచిక ఉంటుంది. మామూలుగా అది గులాబీ ఎరుపు. మన తేట పోయగానే కొన్ని గుంటలు నిమ్మపండు పసుపులోకి మారతాయి. ఎంటీటీ ఇంకా వేయనేలేదు, అయినా సమాధానం కళ్లముందే ఉంది: ద్రవం పులిసిపోయింది. మనిషి కణాలు పీహెచ్ 7.4 దగ్గర బతికేవి. క్యాన్సర్ కణమైనా మామూలు కణమైనా పులుపులో ఉంచితే చస్తుంది. నా పాత ప్లేటు మీద జరిగిందే ఇక్కడా జరిగింది, కాకపోతే ఈసారి దానికి 'యాంటీక్యాన్సర్' అని పేరొచ్చింది.

పులుపొక్కటే కాదు. ఈ బ్యాక్టీరియాని పెంచే ఎంఆర్‌ఎస్ ద్రవంలో సోడియం అసిటేట్ ఉంటుంది, ట్వీన్ 80 అనే సబ్బులాంటి పదార్థం ఉంటుంది. బ్యాక్టీరియా ఏమీ పెంచని ఉత్త ఎంఆర్‌ఎస్ పోసినా కణాలు దెబ్బతింటాయి. కాబట్టి ఎవరైనా అలాంటి పరిశోధన చూపిస్తే నేను అడిగేవి ఇవి. తేట పీహెచ్ సరిచేశారా? అంతే ఆమ్లం ఉన్న ఉత్త ద్రవంతో పోల్చారా? పక్కనే ఆరోగ్యకరమైన కణాల మీద కూడా పోసి చూశారా? పళ్లెంలో పోసినంత గాఢత మనిషి ఒంట్లో కణితి దాకా చేరుతుందా? రొమ్ములో ఉన్న కణితికీ పేగులో ఉన్న బ్యాక్టీరియాకీ మధ్య దారేది? వీటికి జవాబిచ్చే పరిశోధనలు లేవని కాదు, ఉన్నాయి. కానీ ఫార్వర్డ్ మెసేజ్‌గా మారేవి సాధారణంగా ఇవేవీ అడగనివే.

"పిన్నీ, ఆ కణాలు పళ్లెంలో చచ్చాయి. ఉప్పునీళ్లు ఎక్కువ పోసినా చస్తాయి. నీ ఒంట్లోకి వెళ్లి పనిచేస్తున్నది ఆ సూదే" అని చెప్పాను. ఆవిడ డబ్బాలు మూడూ పక్కన పెట్టించింది. కోర్సు పూర్తి చేసింది.

ఇంత చెప్పాక, బ్యాక్టీరియాకీ క్యాన్సర్‌కీ సంబంధమే లేదని నేనంటున్నానని ఎవరైనా అనుకుంటే అది అన్యాయం. సంబంధం చాలా లోతైనది. మూత్రాశయం పైపొరలో వచ్చే క్యాన్సర్‌కి క్షయ టీకాలో వాడే బతికున్న బీసీజీ బ్యాక్టీరియాని లోపలికి ఎక్కిస్తారు. 1976లో కెనడాలో మొరాలెస్ మొదటి ఫలితాలు ప్రకటించారు, 1990లో అమెరికాలో అనుమతి వచ్చింది, ఇప్పటికీ అది ప్రామాణిక చికిత్స. జీర్ణాశయంలో ఉండే హెలికోబాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియాని 1994లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మొదటి వర్గం (అంటే మనుషుల్లో క్యాన్సర్ తెస్తుందని రుజువైన) క్యాన్సర్ కారకంగా ప్రకటించింది. అంటే ఒక బ్యాక్టీరియాని వదిలించుకుంటే జీర్ణాశయ క్యాన్సర్ ముప్పు తగ్గుతుంది. ఇక్కడ సూక్ష్మజీవిని చంపడం, క్యాన్సర్‌ని అడ్డుకోవడం ఒకే పని అయిపోతాయి.

బ్యుటిరేట్ కథ కూడా అంతే ముచ్చటైనది. మనం అరిగించుకోలేని పీచుపదార్థాన్ని పెద్దపేగులోని బ్యాక్టీరియా పులియబెట్టి బ్యుటిరేట్ తయారుచేస్తుంది. ఆరోగ్యంగా ఉన్న పేగు కణానికి అదే ముఖ్యమైన ఇంధనం, కాల్చుకుని వాడేసుకుంటుంది. క్యాన్సర్ కణం గ్లూకోజ్‌కి అలవాటుపడి బ్యుటిరేట్‌ని సరిగా కాల్చుకోలేదు. కాబట్టి అది లోపల పేరుకుపోయి, జన్యువుల్ని తెరిచే మూసే ఎంజైములకు అడ్డం పడి కణాన్ని చావు వైపు తోస్తుంది. ఒకే పదార్థం ఒకరికి తిండి, ఇంకొకరికి విషం. అయితే పెరుగులోని లాక్టిక్ బ్యాక్టీరియా బ్యుటిరేట్ పెద్దగా చేయదు. అది చేసిన లాక్టేట్‌ని తిని బ్యుటిరేట్ చేసే పేగు నివాసులు వేరే ఉన్నాయి. వాటికి కావలసింది పీచు.

మనుషుల మీద ఏం తేలింది? జపాన్‌లో మూత్రాశయ క్యాన్సర్‌కి ఆపరేషన్ అయిన 138 మందిలో కొందరికి లాక్టోబాసిల్లస్ కేసీ జాతి స్ట్రెయిన్ ఒకటి ఇచ్చి చేసిన పరీక్ష 1995లో వచ్చింది. కొన్ని వర్గాల రోగుల్లో జబ్బు తిరగబెట్టడం తగ్గింది. ఆశ కలిగించింది, కానీ ప్రామాణిక చికిత్స కాలేదు. అక్కడే పెద్దపేగు కణుతులు తీసేసిన 398 మందిని నాలుగేళ్లు గమనించిన పరీక్ష 2005లో వచ్చింది. కొత్త కణుతుల సంఖ్యలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు, కానీ వచ్చిన వాటిలో క్యాన్సర్ వైపు ఎక్కువగా తిరిగినవి బ్యాక్టీరియా తీసుకున్నవాళ్లలో తక్కువ. నాకైతే ఈ ఫలితం పళ్లెంలో ఊదా రంగు తగ్గిన వంద గ్రాఫులకంటే విలువైనది. పెద్ద మాటలేవీ లేవు, నాలుగేళ్ల ఓపిక ఉంది.

2022లో అమెరికాలో మూత్రపిండాల క్యాన్సర్ ముదిరిన ముప్పై మంది మీద చేసిన చిన్న పరీక్షలో, రోగనిరోధక చికిత్స (ఇమ్యునోథెరపీ)తో పాటు కొందరికి క్లాస్ట్రిడియం బ్యుటిరికమ్ అనే బ్యుటిరేట్ చేసే బ్యాక్టీరియాని ఇచ్చారు. జబ్బు అదుపులో ఉన్న కాలం సగటున 12.7 నెలలకు చేరింది. చికిత్స మాత్రమే తీసుకున్నవాళ్లలో అది 2.5 నెలలు. ముప్పై మంది చాలా తక్కువే అయినా వదిలేసే ఫలితం కాదు. దానికి కొద్దిగా ముందే, 2021 చివర్లో సైన్స్ పత్రికలో ఇంకోలాంటి ఫలితం వచ్చింది. చర్మ క్యాన్సర్ మెలనోమా ఉన్న రోగుల్లో పీచు బాగా తిన్నవాళ్లకి రోగనిరోధక చికిత్స బాగా పనిచేసింది. ఎలుకలకి దుకాణంలో దొరికే ప్రోబయోటిక్ ఇస్తే మాత్రం చికిత్స పనితనం తగ్గి కణుతులు పెరిగాయి. ఒక బ్యాక్టీరియా ఒక చికిత్సకి సాయం చేసింది, వేరే బ్యాక్టీరియా దాన్ని చెడగొట్టింది. 'ప్రోబయోటిక్ క్యాన్సర్‌కి మంచిదా?' అన్న ప్రశ్నకి అందుకే జవాబు లేదు. ఏ స్ట్రెయిన్, ఏ క్యాన్సర్, ఏ మందుతో కలిపి అని అడిగితేనే అది ప్రశ్న అవుతుంది.

నిస్లే కథ ఇంకా కళ్లు తెరిపిస్తుంది. 1917లో ఆల్ఫ్రెడ్ నిస్లే అనే జర్మన్ వైద్యుడు, చుట్టూ అందరికీ విరేచనాలు పట్టుకున్నా తనకి రాని ఒక సైనికుడి నుంచి ఈ.కొలై స్ట్రెయిన్‌ని వేరుచేశాడు. వందేళ్లుగా దాన్ని ప్రోబయోటిక్‌గా వాడుతున్నారు. ఈ స్ట్రెయిన్‌లో కొలిబాక్టిన్ అనే పదార్థం తయారుచేసే జన్యువులు ఉన్నాయని తర్వాత తెలిసింది. కొలిబాక్టిన్ డీఎన్‌ఏని దెబ్బతీస్తుంది. 2020లో పెద్దపేగు క్యాన్సర్ కణుతుల డీఎన్‌ఏలో కొలిబాక్టిన్ వదిలిన ముద్రల్ని కొన్నింట గుర్తించారు. నిస్లే స్ట్రెయిన్ వల్ల ఎవరికైనా క్యాన్సర్ వచ్చిందని ఇది చెప్పడం లేదు. మంచి బ్యాక్టీరియా అన్న ముద్ర వేసేసి నిశ్చింతగా ఉండకూడదని మాత్రం చెబుతోంది.

పులియడం అన్న మాటకే ఒక పవిత్రత అంటగట్టేవాళ్లకి ఇంకోటి చెప్పాలి. సారా కూడా పులిస్తేనే వస్తుంది. మద్యం 1988 నుంచీ మొదటి వర్గం క్యాన్సర్ కారకం. సంప్రదాయ ఆసియా పద్ధతిలో ఊరబెట్టిన కూరగాయలు కూడా క్యాన్సర్ కారకం అయ్యే అవకాశం ఉన్నవాటి జాబితాలో ఉన్నాయి.

బతికున్న బ్యాక్టీరియాని బలహీనమైన ఒంట్లోకి పంపడం గురించి కూడా సూటిగా మాట్లాడుకోవాలి. ప్రోబయోటిక్ 'సహజం' కాబట్టి పనిచేయకపోయినా హాని లేదు అనే వాదన నాకు కోపం తెప్పిస్తుంది. క్లోమం తీవ్రంగా వాచిన దాదాపు మూడొందల మంది మీద నెదర్లాండ్స్‌లో చేసిన పరీక్ష 2008లో లాన్సెట్‌లో వచ్చింది. ఇన్ఫెక్షన్లు తగ్గుతాయన్న నమ్మకంతో ఆరు బ్యాక్టీరియాల మిశ్రమం ఇచ్చారు. ఇన్ఫెక్షన్లు తగ్గలేదు. ప్రోబయోటిక్ తీసుకున్నవాళ్లలో 24 మంది చనిపోయారు, తీసుకోనివాళ్లలో 9 మంది. తొమ్మిది మందికి పేగుకి రక్తం అందకుండా పోయింది, రెండో గుంపులో ఒక్కరికీ అలా కాలేదు. 2019లో ఐసీయూలో ఉన్న పిల్లల మీద వచ్చిన అధ్యయనంలో, క్యాప్సూల్‌గా ఇచ్చిన బ్యాక్టీరియానే ఆరుగురి రక్తంలోకి చేరిందని జన్యువుల్ని చదివి తేల్చారు. ఇచ్చింది 522 మందికి. 2023లో నెలలు నిండకుండా పుట్టిన శిశువులకి ప్రోబయోటిక్స్ ఇవ్వడం గురించి అమెరికా ఎఫ్‌డీఏ హెచ్చరించింది, ఒక బిడ్డ మరణం తర్వాత. ఆరోగ్యంగా ఉన్న మనిషికి వీటివల్ల భయం చాలా తక్కువే. కానీ క్యాన్సర్‌కి మందుగా వీటిని అమ్మేది ఆరోగ్యంగా ఉన్నవాళ్లకి కాదు కదా. కౌంట్లు పడిపోయి, గొట్టాలు పెట్టుకుని, పేగు పొర పుండైపోయి ఉన్నవాళ్లకి.

పేర్ల గందరగోళం దీనికి తోడు. లాక్టోబాసిల్లస్ అని మనం చదువుకున్న ప్రజాతిని 2020లో 25 ప్రజాతులుగా విడగొట్టారు, ఒకదానికొకటి అంత దూరపు చుట్టాలని జన్యువులు చెప్పాయి కాబట్టి. ఒకే జాతిలో కూడా ఒక స్ట్రెయిన్ నైసిన్ చేస్తుంది, పక్క స్ట్రెయిన్ చేయదు. ర్యూటెరి జాతిలో బాగా అమ్ముడైన ఒక స్ట్రెయిన్‌లో యాంటీబయాటిక్‌లకు లొంగనివ్వని జన్యువులు మోసే రెండు ప్లాస్మిడ్లు (బ్యాక్టీరియాలో విడిగా ఉండే చిన్న డీఎన్‌ఏ ముక్కలు) ఉన్నాయని తెలిశాక, వాటిని తీసేసి కొత్త స్ట్రెయిన్‌గా తెచ్చారు. అది చేసినవాళ్లని మెచ్చుకోవాలి. అలాంటి జన్యువులు పేగులో ఇంకో బ్యాక్టీరియాకి అందితే, యాంటీబయాటిక్‌కి ప్రత్యామ్నాయం అనుకున్నదే వాటిని పనికిరాకుండా చేసే ప్రమాదం ఉంది. డబ్బా మీద స్ట్రెయిన్ పేరు, అంకె లేకపోతే నా వరకు అది ఏమీ రాయని డబ్బాతో సమానం.

పులిసిన ఆహారం నేను రోజూ తింటాను. 2021లో స్టాన్‌ఫర్డ్‌లో 36 మంది మీద చేసిన పది వారాల పరీక్షలో పులిసిన ఆహారం బాగా తిన్నవాళ్ల పేగుల్లో బ్యాక్టీరియా వైవిధ్యం పెరిగింది, రక్తంలో వాపుకి సంబంధించిన 19 ప్రోటీన్లు తగ్గాయి. చిన్న పరీక్షే, కానీ నాకు నచ్చింది. నచ్చడానికి ఇంకో కారణం, అందులో ఎవరూ దాన్ని మందు అనలేదు. ఆహారాన్ని ఆహారంగా తినొచ్చు. మందు అని ఎవరైనా అంటే, మందుని అడిగే ప్రశ్నలన్నీ దాన్నీ అడగాలి.

పోయిన నెల మా జూనియర్ ఒకమ్మాయి ప్లేటు ఫోటో పంపింది. పులిసిన ధాన్యం నుంచి వేరుచేసిన స్ట్రెయిన్, లిస్టీరియా అనే రోగకారకం మీద జోన్ 16 మిల్లీమీటర్లు. "అక్కా, చూశారా!" అని కింద రాసింది. ఆ ఆనందం నాకు బాగా తెలుసు, అందుకే వెంటనే ఏం అనబుద్ధి కాలేదు. కాసేపాగి, పీహెచ్ సరిచేసి ఒక గుంట, ఆ సరిచేసిన తేటలోనే పెరాక్సైడ్‌ని విరగ్గొట్టే కాటలేజ్ అనే ఎంజైమ్ కలిపి ఒక గుంట, ప్రోటీన్లని అరిగించే ఎంజైమ్ కలిపి ఒక గుంట పెట్టమని చెప్పాను. రెండు రోజుల తర్వాత ఇంకో ఫోటో వచ్చింది. పీహెచ్ సరిచేసిన గుంట చుట్టూ జోన్ తగ్గింది, కానీ పోలేదు, 11 మిల్లీమీటర్లు ఉంది. కాటలేజ్ కలిపిన చోట కూడా 11. ప్రోటీన్ ఎంజైమ్ కలిపిన గుంట దగ్గర మాత్రం లిస్టీరియా అంచు దాకా పెరిగిపోయింది.

అంటే ఆ తేటలో పులుపు కానిది, పెరాక్సైడ్ కానిది, ప్రోటీన్ లాంటిది ఏదో ఉంది. ఆ రాత్రే ఫోన్ చేసి గంటసేపు మాట్లాడాను. దాన్ని ఎలా శుద్ధి చేయాలి, ఎంత వేడికి తట్టుకుంటుందో ఎలా చూడాలి అని. ఫోన్ పెట్టేసే ముందు, "క్యాన్సర్ కణాల మీద కూడా పోసి చూద్దామా అక్కా?" అంది. "చూద్దాం. ముందు శుద్ధి చేసి తీసుకురా. పక్క గుంటలో మామూలు కణాలు కూడా పెడదాం" అన్నాను.